నూటికి పదిహేను వంతుల కాలు

కర్నూలు,
12-1-1954

మహారాజశ్రీ మాజీ నాయక్ తిమ్మయ్య మామగారి సముఖానికి, రాజధాని నగరంలోని ఏడవ నంబరు గుడారం నుంచి మేనల్లుడు ఓబులేసు సాష్టాంగపడి చేసుకునే మనవి. (నిజంగానే పడ్డాను. మా గుడారానికి కుర్చీలు ఇంకా రాలేదు.)

నీ కవరు అందింది. నువ్వు పంపిన ఇంగ్లీషు నోటీసును నేను మూడుసార్లు చదివాను. మా సూపరింటెండెంటు దేవేంద్రప్ప గారు ఒకసారి చదివారు. గాలికి ఎగిరిపోయి పక్క గుడారంలో పడ్డప్పుడు రెవెన్యూ వాళ్లు కూడా చదివారు. అందరి అభిప్రాయమూ ఒకటే. బర్మా యుద్ధంలో లారీ బోల్తాపడి నీ ఎడమ మోకాలు వంగకుండా పోయింది కదా. అందువల్ల నువ్వు నూటికి నలభై వంతులు పనికిరావని తేల్చి, సర్కారు తొమ్మిదేళ్లుగా పింఛను ఇస్తున్నది. ఆ నలభై ఇంకా నలభైగానే ఉందా, ఏమైనా తరిగిందా అని చూడటానికి ఫిబ్రవరి తొమ్మిదిన బెంగుళూరులో డాక్టర్ల బోర్డు ముందుకు రమ్మంటున్నారు. ఇరవైకి తక్కువని వాళ్లు రాశారా, పింఛను బంద్.

పింఛను బంద్ అయితే ఏమవుతుందో నీకు నేను చెప్పనక్కరలేదు. ఇప్పుడు నీ నూలు నువ్వే తెచ్చుకుని, నీ ఇష్టం వచ్చినట్టు నేస్తున్నావు. అప్పుడు షావుకారు నూలుకు, షావుకారు చెప్పినన్ని మూరలు కూలికి నేయాలి.

కాబట్టి నా సలహా విను. బెంగుళూరు పోయే ముందు వారం రోజులు గడ్డం గీసుకోవద్దు. డాక్టరు మోకాలి మీద చెయ్యి వేయకముందే "అమ్మా" అను. చెయ్యి వేశాక "అమ్మమ్మా" అను. ముఖ్యంగా ఆ కవాతు మానెయ్యి. పోయిన దసరాకు నేను వచ్చినప్పుడు తలుపు మూసుకుని మగ్గం మీద "లెఫ్టు, రైటు, లెఫ్టు" అని అరుస్తున్నావు. నేను లోపలికి రాబోతే "దారం తెగుతాది, రావద్దు" అని గదిమావు. వీధిలో లక్ష్మీదేవమ్మవ్వ నన్ను ఆపి, "మీ మామ ఇంకా బర్మాలోనే ఉండాడు నాయనా, ఈడికి రాలేదు" అంది.

నువ్వు పంపిన పంచె కట్టుకుని ఆఫీసుకు పోయాను. కొసన నీ గుర్తు ఎర్రపోగు చూసి దేవేంద్రప్ప గారు "ఇది ఎవరి నేతప్పా?" అని అడిగారు. మా మామదని కాలరు ఎగరేశాను. చొక్కాకు కాలరు లేదు, అది వేరే సంగతి.

ఇట్లు, రాజధానిని తన భుజాల మీద మోస్తున్న లోయరు డివిజను గుమాస్తా,
ఓబులేసు


వేపరాల,
15-2-54

చిరంజీవి ఓబులేసుకు మామ తిమ్మయ్య దీవించి రాసేది. ఈడ నేను, మీ అత్త నాగలక్ష్మమ్మ, మగ్గం, ముగ్గురం బాగుండాము.

నీ జాబు చూసి నాకు ఒళ్లు మండింది. నేను పటాలంలో నాయక్‌గా చేసినవాణ్ణి. గడ్డం పెంచుకోని, డాక్టరు ముందర "అమ్మా అమ్మమ్మా" అనాల్నా? నీకు కాలేజీలో ఇదేనా నేర్పించింది? నువ్వు చెప్పిందానికి సరిగ్గా ఎదురు చేసినా. ముందుదినమే గడ్డం గీయించుకున్యా. నేను నేసిన పంచె, నేను నేసిన పైగుడ్డ వేసుకోని, బూట్లకు పాలిష్ పెట్టుకోని, బోర్డు ముందర నిలబడి సెల్యూట్ కొట్టినా.

ముగ్గురు డాక్టర్లు ఉండారు. నడువు అన్నారు, నడిచినా. వంచు అన్నారు, వంగలేదు. నడిమి డాక్టరు దొర శానా మర్యాదస్తుడు. నా పంచె చూసి, తెలుగు తెలిసిన కాంపౌండరుతో "ఇది యాడ కొన్నావు?" అని అడిగించినాడు. "కొన్నది కాదు సార్, నేను నేసింది" అన్నా. "ఈ కాలితోనా?" అన్నాడు. "ఈ కాలితోనే సార్" అన్నా. ఆయన పంచె కొస పట్టుకోని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, తక్కిన ఇద్దరికీ చూపించినాడు. ముగ్గురూ తలకాయలు ఊపినారు. లేచి నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చినాడురా! నీ సలహా లేకున్నా మీ మామ గెల్చుకోని వచ్చినాడు. అది తెలుసుకో.

మీ అత్త మాత్రం నేను వచ్చినకాడ్నుంచి నాతో మాట్లాడలేదు. నాలుగు దినాలైంది. బెంగుళూరు నుంచి గాజులు తేలేదని అలిగిందేమో. ఈ చలికి మోకాళ్లు పట్టేసినాయని ఆముదం పూసుకోని కూచ్చుంటాది. నేనేమన్నా అడిగితే గోడకు చెప్తాది జవాబు.

తిమ్మయ్య


వేపరాల,
27-3-54

చిరంజీవి ఓబులేసుకు.

బోర్డు కవరు వచ్చింది. ఇంగ్లీషు రాకపోయినా అంకెలు నాకు వస్తాయి గదా. పదిహేను అని ఉండాది. పింఛను నెలకు పదిహేను రూపాయలు పెంచినారని వీధంతా బెల్లం పంచినా. మునసబు గంగిరెడ్డికి రెండు అచ్చులు ఇచ్చినా.

సాయంత్రం మిషను బడి విశ్వాసమ్మ టీచరమ్మ చదివింది. రూపాయలు కాదంట. నా కాలు నూటికి పదిహేను వంతులే చెడిపోయిందంట. ఆమె చెప్తాంటే మీ అత్త లేచి లోపలికి పోయింది.

కవరు నీకు పంపుతాండా. బెల్లం ఎనక్కి అడగలేను గదా. ఏం చెయ్యాల్నో చెప్పు.

తిమ్మయ్య


కర్నూలు,
4-4-1954

పదిహేను వంతుల మామగారికి, వందకు వంద వంతులు దిగాలుపడిన ఓబులేసు నమస్కారాలు.

కాగితం చూశాను. మీ మర్యాదస్తుడైన డాక్టరు దొర ఇంత అందంగా రాశాడు: "ఈ వ్యక్తి నేతపనిలో ఆరితేరినవాడు. గాయపడిన కాలితోనే మగ్గం నడుపుకుంటున్నానని స్వయంగా చెప్పాడు. నేసిన బట్టను బోర్డు చూసింది. చాలా బాగుంది." మామా, ఇది డాక్టర్ల రిపోర్టు కాదు, బట్టల దుకాణం ప్రకటన. నీ కాలు వాళ్లు చూడనేలేదు. నీ పంచె చూశారు. ఆ షేక్‌హ్యాండు పింఛనుకు వీడ్కోలు అన్నమాట.

అయినా ధైర్యం విడవద్దు. ఆరు నెలల లోపల, అంటే సెప్టెంబరు ఆఖరులోగా అప్పీలు చేసుకోవచ్చునని కింద చిన్న అక్షరాల్లో ఉంది. సర్కారు మనకు మేలు చేసే సంగతులన్నీ చిన్న అక్షరాల్లోనే వేస్తుంది. నువ్వు చేయవలసింది ఒక్కటే. మునసబు గంగిరెడ్డి దగ్గరికి పోయి, "తిమ్మయ్య కాలి అవిటితనం వల్ల నేతపని చేసుకోలేకపోతున్నాడు" అని రెండు ముక్కలు రాయించి, ముద్ర వేయించి పంపు. రెండు అచ్చుల బెల్లం తిన్నాడు కాబట్టి రెండు ముక్కలు రాయకపోడు.

ఇక్కడ ఎండలు మొదలయ్యాయి. మధ్యాహ్నం గుడారంలో కూర్చుంటే ఇడ్లీ పాత్రలో ఉన్నట్టే. నిన్న సుడిగాలి వచ్చి ఇరవై ఏడు ఫైళ్లను తుంగభద్ర వైపు తీసుకుపోయింది. మేమంతా రాజధాని వీధుల్లో పరిపాలన వెంట పరుగెత్తాం. ఇరవై ఆరు దొరికాయి.

దొరకని ఇరవై ఏడవ ఫైలుకు బాధ్యుడు,
ఓబులేసు


వేపరాల,
3-5-54

చిరంజీవి ఓబులేసుకు.

గంగిరెడ్డి రాసిచ్చినాడు. ఇదో ఇట్లుండాది, చూసుకో: "వేపరాల తిమ్మయ్య నాకు పుట్టినప్పటినుంచి తెలుసు. యుద్ధంలో కాలు పోయినా ఎవరినీ చెయ్యి చాచి అడగకుండా నేసుకుని బతికే మొనగాడు. జమ్మలమడుగు తాలూకాలో ఇంత మంచి పంచె నేసేవాడు ఇంకొకడు లేడు. ఇది రాసే సమయంలో నేను కట్టుకున్నది కూడా ఆయన నేసిందే."

నేత చేతగాదని రాయమంటే ఆయన నన్ను పైకీ కిందికీ చూసి, "ఏం తిమ్మయ్యా, నీ పంచె కట్టుకోని, నీకు నేత రాదని నా చేత్తో రాయాల్నా? నాకు కండ్లు లేవనుకుంటారు" అన్నాడు. నాకూ ఆ మాట న్యాయమే అనిపించింది. పైగా ఇంత బాగా రాసినాక వద్దనేకి నాకు నోరు రాలేదు. ముద్ర రెండుసార్లు కొట్టినాడు.

షావుకారు మనిషి అప్పుడే వచ్చి పోయినాడు. పింఛను నిలిచిందని వానికి ఎవరు చెప్పినారో! నూలు ఇస్తా, దినానికి ఇన్ని మూరలని మాట ఇయ్యమంటాండాడు. ఆలోచించి చెప్తానని పంపించినా.

తిమ్మయ్య


కర్నూలు,
19-5-1954

మొనగాడు మామగారికి.

గంగిరెడ్డి గారి సర్టిఫికెట్టును గుడారంలో అందరం కలిసి చదువుకున్నాం. దేవేంద్రప్ప గారు కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "ఏమప్పా ఓబులేసు, దీన్ని అప్పీలుకు పెడితే మీ మామకు పింఛను రాదు, పద్మవిభూషణ్ వస్తాది" అన్నారు.

ఇక ఇది పల్లెటూరి వ్యవహారం కాదని, నేనే కలం పట్టాను. బి.ఏ.లో నేర్చుకున్న ఇంగ్లీషంతా ఒక్క కాగితం మీద కుమ్మరించాను. అత్తకు అర్థం కావాలని తెలుగులో చెబుతున్నాను: "అయ్యా, ఈ దీనుడు బర్మా యుద్ధంలో గాయపడినది మొదలు నేటివరకు మగ్గం మీద కూర్చుని ఎరుగడు. మగ్గమును చూసిన కన్నీరు కార్చును. ఇరుగుపొరుగువారి దయాధర్మముల మీద ప్రాణము నిలుపుకొనుచున్నాడు. బోర్డు వారు చూసిన పంచె ఎరువు తెచ్చుకున్నది." కన్నీళ్లు పెట్టించే ఈ కాగితాన్ని జతపరచాను. గుర్తు పెట్టిన చోట సంతకం చేసి వెంటనే పంపు. చదవవద్దు, చదివించవద్దు.

ఓబులేసు, బి.ఏ.


వేపరాల,
11-6-54

ఓబులేసుకు.

చదివించినా. నువ్వు జాబులో ముందే తెలుగులో రాసినావు గదా, దాన్ని చదవకుండా ఎట్ల?

ఎరువు పంచెనా? నా గుడ్డను ఎరువు గుడ్డ అని రాసినావే, నీకు చేతులెట్ల వచ్చినాయిరా? ఇరుగుపొరుగు దయాధర్మమా? ఈ వీధిలో నేను ఒక్కరోజన్నా ఎవరింటి ముందరన్నా నిలబడినానా? నేను మగ్గం మీద కూచ్చోనని రాస్తే, ఈ ఊర్లో నా పంచెలు కట్టుకున్న నలభై మంది యాడ పోవాల?

సంతకం పెట్టలేదు. నీ కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి, నూలు కండెలు చుట్టే కట్టెకు ఎత్తు పెట్టినా. అంతకంటే దానికి పని లేదు. పింఛను పోతే పోనీ. షావుకారు మగ్గం చేస్తా. నువ్వు ఇంక ఈ సంగతి ఎత్తొద్దు.

మీ అత్త నీకు రాయమని ఏదో చెప్పింది. నేను రాయను.

తిమ్మయ్య


కర్నూలు,
26-6-1954

మామా,

తమరి ఉత్తర్వు శిరసావహించి ఫైలు మూసివేయడమైనది. ఎరువు పంచె అన్నందుకు చెవులు పట్టుకుని గుంజీలు తీశాను. లెక్క దేవేంద్రప్ప గారు పెట్టారు, కావాలంటే ఆయన ధ్రువీకరిస్తారు.

పింఛను సంగతి ఎత్తను. ఇది వేరే సంగతి. ఒక శాస్త్రీయమైన సందేహం. నేనూ మగ్గం గుంటలో పుట్టి పెరిగినవాడినే కదా. రెండు చెక్కలు కాళ్ల కింద ఉంటాయి. ఒకటి తొక్కితే పడుగు తెరుచుకుంటుంది, పేక దారం మోసే నాడె అటు పోతుంది. రెండోది తొక్కితే ఇటు వస్తుంది. మోకాళ్లు ఆడకపోతే మగ్గం ఆడదు. మొన్న పని లేక (ఈ మాట ఎవరికీ చెప్పొద్దు) గుడారంలో డబ్బా మీద కూర్చుని, ఎడమ కాలు కర్రలాగా చాపి, ఉత్తుత్తి మగ్గం నేసి చూశాను. ఒంటి కాలితో అటు చెక్కకూ ఇటు చెక్కకూ గెంతి గెంతి, ఆరో గెంతుకు సిరాబుడ్డి మీద పడ్డాను. నాకు రెండు కాళ్లూ ఉన్నాయి, వయసూ ఉంది. అయినా ఆరు పేకల కంటే పోలేకపోయాను.

నువ్వు దినానికి అన్ని మూరలు ఎట్లా నేస్తున్నావు? నీ ఎడమ కాలు ఏ చెక్క తొక్కుతుంది? ఆ తలుపు ఎందుకు మూస్తావు?

సిరా మరకల మేనల్లుడు,
ఓబులేసు


వేపరాల,
18-7-54

అల్లుడా, ఇది మీ అత్త చెప్తాంటే మీ మామ రాస్తాండే జాబు. మధ్యలో ఆయన సొంత మాటలు కలిపితే నాకు తెలియదనుకుంటాడు. విశ్వాసమ్మ టీచరమ్మతో చదివించి విన్నాకే కవరు అంటిస్తా. అది కూడా రాయి. (రాసినా.)

నువ్వు అడిగినదానికి జవాబు. ఆయన ఎడమ కాలు ఏ చెక్కా తొక్కదు. కుడి కాలూ తొక్కదు. రెండు చెక్కలూ తొక్కేది నేను.

బర్మా నుంచి వచ్చిన కొత్తల్లో ఒంటి కాలితోనే చూసినాడు. దినమంతా చేస్తే మూరెడు. ఒకదినం నాడె తీసి గోడకేసి కొట్టినాడు. (కొట్టలేదు, చెయ్యి జారింది.) కొట్టినాడు, రాయి. (కొట్టినా.) ఆ పొద్దే నేను గుంటలోకి దిగినా. గుంట ఇంకొక మనిషికి పట్టేటట్ల తవ్వినాడు. ఆయన గట్టు మీద కాలు చాపుకోని కూచ్చోని నాడె ఆడిస్తాడు, నేను పక్కన ఒదిగి కూచ్చోని తొక్కుతా. ఏ చెక్క ఎప్పుడు తొక్కాల్నో నాకు తెలియాల గదా, అందుకని ఆయన చెప్తాడు. అదే లెఫ్టు రైటు. లక్ష్మీదేవమ్మ పిచ్చి అనుకుంటాంది. ఆ రెండు ఇంగ్లీషు మాటలు నాకు వచ్చినంత బాగా మీ గుడారంలో ఎవరికీ రావు.

మన ఇండ్లల్లో ఆడోళ్లు కండెలు చుడతారు, పడుగుకు గంజి పెడతారు. గుంటలోకి దిగరు, అది మొగోని చోటు. పెండ్లాం కాళ్లతో నేస్తాండాడని ఊర్లో అంటారని ఈయన భయం. తలుపు దానికి. దారం తెగుతాదని కాదు.

తొమ్మిదేండ్లు తొక్కినా. నేనేమీ అనలేదు. ఇప్పుడు పొద్దున్నే లేయాలంటే గోడ పట్టుకోవాల. బెంగుళూరులో ఆ దొర "ఈ కాలితోనా" అంటే ఈయన "ఈ కాలితోనే సార్" అన్నాడంట. వచ్చి నాకు నవ్వుతా చెప్పినాడు. అది ఎవరి కాలు, అల్లుడా? నాలుగు దినాలు నేను మాట్లాడలేదు. గాజులకు అలిగినానని రాసినాడంట నీకు. (ఆ పొద్దు నాకు తెలియలేదు.) సరే, అది ఉండనీ.

ఇప్పుడు షావుకారు మగ్గం చేస్తా అంటాండాడు. షావుకారు చెప్పినన్ని మూరలు ఎవరు తొక్కాల? ఈయన చేస్తా అంటే నేను చేస్తా అనే గదా. చేస్తా. నా కాళ్లు ఎన్నాళ్లు చేస్తాయో నాకు తెలియదు. అంతే, చాలు. అత్త ఆశీర్వాదం అని రాయి.

అత్త ఆశీర్వాదం.

పైన మీ అత్త చెప్పిందంతా రాసినా. తీసేసింది ఏమీ లేదు.

తిమ్మయ్య


కర్నూలు,
30-7-1954

అత్తకూ మామకూ,

ఈ జాబులో వేళాకోళం చేయాలని కూర్చున్నాను. చేతకాలేదు. నేను మామదని చెప్పి నలుగురిలో గొప్పలు పోయిన పంచె ఇవాళ ఉతికి ఆరేసుకున్నాను. ఆరేదాకా దాని ముందే కూర్చున్నాను.

మూసిన ఫైలు మళ్లీ తెరుస్తున్నాను. కొత్త అర్జీ ఇది. దీనికి బి.ఏ. అక్కరలేకపోయింది:

"నా కాలి గురించి నేను బోర్డుకు చెప్పినది అబద్ధం. నేను ఈ కాలితో నేయడం లేదు. చేతులు నావి. కాళ్లు నా భార్య నాగలక్ష్మమ్మవి. ఆమె లేకుండా దినానికి మూరెడు కంటే నేయలేను. సిగ్గుపడి దాచాను. ఎవరినైనా పంపి మా ఇంట్లో చూడవచ్చు."

దేవేంద్రప్ప గారు చదివి, "నువ్వు చేరినాక నాకు అర్థమైన మొదటి కాగితం ఇదేనప్పా" అన్నారు.

ఒక మాట మాత్రం ముందే చెప్పాలి మామా. దీని మీద సంతకం పెడితే విచారణకు మనిషి వస్తాడు. తలుపు తీయాలి. ఊరు చూస్తుంది. పెట్టాలా వద్దా నువ్వే ఆలోచించుకో. సెప్టెంబరు ఆఖరు గడువు. నేను తొందరపెట్టను.

ఓబులేసు


వేపరాల,
12-9-54

చిరంజీవి ఓబులేసుకు.

నీ కాగితం నెల పైన మగ్గం కింద పెట్టుకున్యా. దినామూ తీసి చూస్తా, మళ్ల పెడతా. మీ అత్త అడగలేదు. అడిగితే కోపం తెచ్చుకుందామని ఎదురు చూసినా. అడగలేదు.

నిన్న షావుకారు నూలు వచ్చింది. పొద్దున మీ అత్త గోడ పట్టుకోని లేచి, గుంట దగ్గరికి పోయి, దిగబోయి, నా భుజం మీద చెయ్యేసింది. తొమ్మిదేండ్లలో ఆమె దిగేకి నా భుజం పట్టుకున్నది ఇదే మొదటిసారి. మనిషి బరువంతా ఆ చేతిలో ఉండాది. నేను "లెఫ్టు" అనలేదు. "ఆగు" అన్నా. కాగితం తీసి సంతకం పెట్టినా. ఆమె గుంట అంచునుంచే చేతి బొటనవేలు చాపింది. దానికి ముద్ర సిరా లేక ఆముదం దీపం మసి పూసినా. చెల్లుతాదో లేదో చూడు.

షావుకారు నూలు ఎనక్కి పంపించినా. వాడు తిట్టుకుంటా పోయినాడు.

తిమ్మయ్య


వేపరాల,
26-11-54

చిరంజీవి ఓబులేసుకు మామ తిమ్మయ్య దీవించి రాసేది.

రెవెన్యూ ఇన్‌స్పెక్టరు నిన్న వచ్చినాడు. ఆయన ఒక్కడే వస్తే బాగుండు. గంగిరెడ్డిని వెంటబెట్టుకోని వచ్చినాడు. గంగిరెడ్డి వెంట ఊరు వచ్చింది. లక్ష్మీదేవమ్మ ముక్కాలిపీట తెచ్చుకోని మరీ ముందర కూచ్చుంది.

తలుపు తీసినా. నేను గట్టున కూచ్చుంటి. మీ అత్త కొంగు బిగించి గుంటలోకి దిగింది. జనం తలుపు కాడ మెడలు చాపినారు. నేను నాడె పట్టుకోని వాళ్లనే చూస్తాంటి.

కిందనుంచి మీ అత్త, "ఏంది, ఆర్డరు రాలేదే? నేను తొక్కాల్నా, ఇంటికి పోవాల్నా?" అంది.

"లెఫ్టు" అన్నా. తరువాత తొమ్మిదేండ్ల అలవాటే నడిపించింది. ఇన్‌స్పెక్టరు సిగరెట్టు ఒకటి కాలినంత సేపట్లో, బెత్తెడు గుడ్డ దిగింది. తరువాత ఆమెను పైకి రమ్మని, నన్ను ఒక్కణ్ణే నేయమన్నాడు. ఇంకొక సిగరెట్టు కాలింది. గోరంత గుడ్డ వచ్చింది, నాకు చెమటలు కారినాయి. సిగరెట్టు పారేసి రాసుకున్నాడు.

ఎనక నుంచి ఆ బసవన్న, తెలుసు గదా, దినమంతా అరుగు మీద ఉండేవాడు, "తిమ్మయ్య మగ్గానికి పెండ్లాం కాళ్లు" అని నవ్వినాడు. నేను తల దించుకున్యా. లక్ష్మీదేవమ్మ తిరిగి చూసి, "నీకు నీవి రెండు ఉండి ఏం చేస్తివిరా? ఒక మూర చూపించు" అంది. అందరూ నవ్వినారు, ఈసారి వాణ్ణి చూసి. ఆ యమ్మ మళ్ల మీ అత్త పక్క తిరిగి, "తొమ్మిదేండ్లు నాకు చెప్పకుండా ఎట్ల ఉంటివే? నేనేమో నీ మొగునికి పిచ్చి అని ఊరంతా చెప్తి గదే" అని మూతి ముడుచుకుంది.

గంగిరెడ్డి తన పంచె కొస పట్టుకోని చూసుకోని, "అయితే తిమ్మయ్యా, నేను రాసిచ్చిన కాగితం తప్పా?" అన్నాడు. "సగం ఒప్పు రెడ్డీ" అన్నా.

ఇన్‌స్పెక్టరుకు అంతటితో పోబుద్ధి కాలేదు. చూసేకి సులువుగా ఉండాదని, బూట్లిప్పి తానే గుంటలోకి దిగినాడు. నేను లెఫ్టు అంటే కుడి కాలు తొక్కినాడు. పన్నెండు పోగులు తెగినాయి. మీ అత్త సర్కారు అని కూడా చూడకుండా, "అయ్యా, లెయ్యండి, లెయ్యండి, మీకు రాదు" అని లేపించింది. ఆయన బూట్లు తొడుక్కుంటా, "ఈ యమ్మ పేరు రాసేకి ఫారంలో గడి లేదే" అని, పక్కన ఖాళీ జాగాలో రాసుకున్నాడు. నాకు చూపించినాడు. ఇంగ్లీషులో ఉండాది, అయినా అది ఆమె పేరే అని తెలిసింది.

తిమ్మయ్య


కర్నూలు,
9-12-1954

రాజధాని నగరం, ఏడవ నంబరు గుడారం. జి.ఓ. నంబరు ఒకటి.

విషయం: శ్రీమతి నాగలక్ష్మమ్మ గారు, మగ్గపు గుంట, వేపరాల. సెలవు మంజూరు చేయుట గురించి.

వీరు తొమ్మిది సంవత్సరాలు ఒక్కరోజైనా సెలవు లేకుండా ఒక మాజీ నాయక్ ఆజ్ఞల కింద పనిచేసినట్లు రుజువైనందున, ఇకమీదట ప్రతి గురువారం వీరికి పూర్తి సెలవు మంజూరు చేయడమైనది. ఆ దినం లెఫ్టు గాని రైటు గాని ఉచ్చరించరాదు. అప్పీలు ఫలితం ఎటు వచ్చినా ఈ ఉత్తర్వు మారదు. మాజీ నాయక్ గారు దీనిని అత్తకు చదివి వినిపించి, విన్నట్లు ఆమె చేత తిట్టించుకుని, ఆ తిట్లను ఈ ఆఫీసుకు పంపవలెను.

(సం.) ఓబులేసు
(దేవేంద్రప్ప గారు చూసి, ముద్ర ఇవ్వనన్నారు. రూళ్లకర్రతో ఒకటి ఇచ్చారు.)


వేపరాల,
28-1-55

చిరంజీవి ఓబులేసుకు మామ తిమ్మయ్య దీవించి రాసేది.

కవరు వచ్చింది. ఈసారి అంకె చూసి బెల్లం తేలేదు. విశ్వాసమ్మ టీచరమ్మ రెండుసార్లు చదివినాకే నమ్మినా. నలభై. నిలిపిన నెల నుంచి లెక్క. మీ అత్త విని, "అయితే నీ కాలు మళ్ల చెడిపోయిందా? శానా సంతోషం" అంది.

నీ జీవో చదివి వినిపించినా. తిట్లు పంపమన్నావు గానీ, అవి కవరులో పట్టవు. సెలవు మాత్రం తీసుకుంటాంది. గురువారం నేను ఒక్కణ్ణే ఒంటి కాలితో మూరెడు నేస్తా, ఆమె గట్టు మీద కూచ్చోని కండెలు చుట్టుకుంటా నాకు "లెఫ్టు, రైటు" చెప్తాది. తప్పు పోతే నవ్వుతాది. తలుపు ఇప్పుడు మూయడం లేదు. వీధిలో పోయే ప్రతివాడూ లోపలికి తొంగిచూసి ఒకసారి లెఫ్టు అని పోతాడు. పోగులు తెగేది ఇప్పుడు నిజంగా వాళ్ల వల్లనే.

నీకు కొత్త పంచె పంపుతాండా. కొస చూసుకో. ఎప్పుడూ నా గుర్తుకు ఒక ఎర్రపోగు వేసేవాణ్ణి గదా. ఈసారి రెండు వేసినా. రెండోది మీ అత్తది. వేసి చూపిస్తే మెచ్చుకుంటాదనుకున్యా. వేలు పెట్టి కొలిచి, "నాది కింద వేసినావేమి?" అంది.

ఇప్పి మళ్ల వేసినా. పైది ఆమెది.

తిమ్మయ్య